వైరు తెగితే చప్పుడుండదు

లారీ బ్రేకు కరెంటుతో పడదు, గాలితో పడుతుంది. పని నేర్చుకోవడానికి మా షాపుకు వచ్చే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. చాలామందికి వింతగా ఉంటుంది. అలాగైతే ముందు బండికీ వెనక ట్రైలరుకీ మధ్య చుట్టలు చుట్టుకుని వేలాడే ఆ నల్ల వైర్లు దేనికండీ అని అడుగుతారు. బండి ఆగుతోందని వెనకొచ్చేవాడికి చెప్పడానికి. పక్కకు తిరుగుతోందని చెప్పడానికి. చీకట్లో ఇక్కడొక బండి ఉందని చెప్పడానికి. కొత్త బండ్లలో అయితే బ్రేకు పడినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడటానికి కూడా. ఇన్ని పనులూ బొటనవేలంత లావు కేబుళ్ల మీద ఆధారపడి ఉంటాయి. వాటిని తగిలించేది క్లీనరు, అదీ లోడింగు దగ్గర హడావుడిలో.

మాది తణుకు. పాత 5వ నంబరు హైవే పక్కన బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, వైరింగు పని చేసే షాపు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని వచ్చి ఇక్కడ పెట్టుకున్నాను. ఆ హైవేకి 2010లో 16వ నంబరు వేశారు. తర్వాత గుండుగొలను నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్త దారి పడింది, దూరాలకు పోయే ట్రైలర్లు కొన్ని అటు మళ్లాయి. అయినా మా డెల్టా సరుకులో చాలా భాగం మా ముందు నుంచే పోతుంది. భీమవరం, ఆకివీడు వైపు నుంచి రొయ్యల కంటైనర్లు, కాకినాడ రేవుకు బియ్యం, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి గెలలు, కడియం నర్సరీ మొక్కలు, కోనసీమలో ఓఎన్‌జీసీ పనులకు ఇనప సామాను మోసే లోబెడ్ ట్రైలర్లు. కోతల కాలంలో వీటన్నిటి మధ్యా ధాన్యం ట్రాక్టర్లు. ఇన్ని రకాల బండ్లున్నా నా దగ్గరకు వచ్చే జబ్బులు నాలుగైదే. వాటిలో పెద్దది ఎర్తు. దాని సంగతి చెప్పే ముందు గాలి సంగతి కొంచెం చెప్పాలి.

ట్రైలరు లాగే బండి క్యాబిను వెనక రెండు గాలి పైపులు కనిపిస్తాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. ఎర్ర పైపులో ఎప్పుడూ గాలి ఉంటుంది, ట్రైలరు కింద ఉన్న ట్యాంకును నింపుతూ ఉంటుంది. పసుపు పైపులోకి డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడే గాలి వస్తుంది, ఎంత తొక్కితే అంత. లంకె ఊడి ట్రైలరు వేరుపడితే ఎర్ర పైపు తెగుతుంది. తెగిన వెంటనే ట్రైలరు తన ట్యాంకులో ఉన్న గాలితో తనే బ్రేకు వేసుకుంటుంది. ఈ ఆలోచన రైళ్ల నుంచి వచ్చింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి గాలి బ్రేకులో పైపు పగిలితే బ్రేకు పోయేది. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే పడుతుంది. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే భారీ బండ్లలో పార్కింగు బ్రేకు కూడా ఇదే తీరు. ఛాంబరులో బలమైన స్ప్రింగు ఉంటుంది, దాన్ని గాలి నొక్కి పట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది.

కాబట్టి గాలి పాడైతే డ్రైవరుకు తెలియకుండా ఉండదు. బుస్సుమని చప్పుడు వస్తుంది, మీటరులో ముల్లు పడిపోతుంది, బజరు మోగుతుంది, చివరికి బండి కదలనంటుంది. వైరు అలా కాదు. తెగితే చప్పుడుండదు. బండి మామూలుగానే పరిగెడుతుంది. వెనక దీపం ఆరిందన్న సంగతి తెలిసేది వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఒక్కడికే, అతనికైనా దగ్గరకు వచ్చాకే తెలుస్తుంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ఇప్పుడు ప్లగ్గు విప్పి చూద్దాం. 24 వోల్టుల లారీలకు ఐఎస్‌ఓ 1185 అని ఒక ప్రమాణం ఉంది. ఏడు పిన్నులు. 1 తెల్ల వైరు, ఎర్తు. 2 నల్లది, ఎడమ పార్కింగు లైటు. 3 పసుపు, ఎడమ ఇండికేటరు. 4 ఎరుపు, బ్రేకు లైటు. 5 ఆకుపచ్చ, కుడి ఇండికేటరు. 6 గోధుమ రంగు, కుడి పార్కింగు, దాంతోపాటు నంబరు ప్లేటు దీపం. 7 నీలం, ట్రైలరు బ్రేకు కంట్రోలుకు కేటాయించారు గానీ మా దగ్గరకు వచ్చే బండ్లలో దాన్ని రివర్సు లైటుకో మరో దానికో వాడేసుకోవడమే ఎక్కువ. ఎడమ పార్కింగుకు ఒక పిన్ను, కుడి పార్కింగుకు వేరే పిన్ను ఎందుకు ఇచ్చారో ఆలోచించండి. ఒక వైపు ఫ్యూజు పోయినా రెండో వైపు దీపం మిగలాలని. వైరు కలిసొస్తుందని ఈ రెంటినీ ట్రైలరు మొదట్లోనే ఒక్కటిగా ముడేసేవాళ్లున్నారు. ఆ ముడితో, ఒక్క షార్టు పడితే చాలు, నలభై అడుగుల ట్రైలరు వెనకంతా చీకటి.

ఈ రంగులు కంపెనీ కేబులు మీదే నమ్మాలి. ఒకసారి బండి మీద చెయ్యి పడ్డాక రంగుకు అర్థం ఉండదు. ఆ రోజు షాపులో ఏ వైరు చుట్ట ఉంటే అదే వేస్తారు. నేను పాత ట్రైలరు పట్టుకున్నప్పుడు రంగు చూడను. టెస్ట్ లాంపు పెట్టి ఒక్కో పిన్నూ వెతుక్కుని, తెలిసింది కాగితం మీద రాసుకుని, ఆ కాగితం డ్రైవరుకు ఇస్తాను. కాగితం ఉంటే దారిలో ఇంకో మేస్త్రీకి గంట పని తగ్గుతుంది.

ఇక ఎర్తు. "మేస్త్రీ, బ్రేకు తొక్కితే ఇండికేటర్లు వెలుగుతున్నాయండి, పార్కింగు వేస్తే బ్రేకు లైటు మసక మసకగా వస్తోంది, ఎక్కడో వైర్లు కలిసిపోయినట్టున్నాయి" అంటూ డ్రైవర్లు వస్తారు. వైర్లు ఎక్కడా కలిసిపోవు. ఎర్తు తెగి ఉంటుంది. కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరితే మళ్లీ బ్యాటరీకి చేరాలి. మామూలు లారీలో తిరుగు దారి బండి ఛాసిస్ ఇనుమే. కానీ ట్రైలరు ఛాసిస్ వేరు, ముందు బండి ఛాసిస్ వేరు. రెంటినీ కలిపేది ఫిఫ్త్ వీల్ అనే ఇనప పళ్లెం, అందులో కూర్చునే కింగ్ పిన్ను. ఆ రెంటి మధ్యా గ్రీజు దట్టించి ఉంటుంది. గ్రీజులోంచి కరెంటు సరిగా పోదు. అందుకే తిరుగు దారికి తెల్ల వైరు విడిగా ఇచ్చారు. అది తెగితే బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటు దారి లేక, పక్క బల్బుల్లోంచి వెనక్కి ఎక్కి, వేరే పిన్నుల గుండా ముందు బండిలోకి చేరుతుంది. మా డెల్టా రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది: పంట కాలువ నిండుగా పారుతున్నా మురుగు కాలువ పూడిపోతే నీళ్లు పక్క చేలోకి ఎక్కుతాయి. రెండు బల్బులు ఉన్న వోల్టేజిని పంచుకుంటాయి కాబట్టి రెండూ మసకగా వెలుగుతాయి.

ఈ జబ్బుకు ఇంకో గుణం ఉంది, కొత్త మేస్త్రీలను అది తికమక పెడుతుంది. మా షాపు ముందు నిలబెట్టినప్పుడు అన్నీ చక్కగా వెలుగుతాయి. డ్రైవరు తృప్తిగా వెళ్లిపోతాడు. సిద్ధాంతం వంతెన ఎక్కే వేళకు మళ్లీ మొదలు. కారణం ఏమిటంటే, నిలబడి ఉన్నప్పుడు బరువుకు కింగ్ పిన్ను ఇనుముకు ఇనుము ఆని కరెంటుకు దారి ఇస్తుంది, కదిలి వంపు తిరిగితే గ్రీజు పొర అడ్డం వస్తుంది. అందుకని దీపాలు వెలుగుతున్నాయా అని చూస్తే చాలదు. ట్రైలరు వైపు ప్లగ్గులో ఒకటో పిన్నుకూ ముందు బండి బ్యాటరీ మైనసుకూ మధ్య దారి నిజంగా ఉందా అని చూడాలి. వైరు లావు కూడా చూడాలి. మిగతా ఆరు పిన్నుల్లో పోయిన కరెంటంతా ఈ ఒక్క వైరులోంచే తిరిగి రావాలి. మిగతావాటికంటే అది లావుగా ఉండాలి. పాత బండ్లలో చాలాసార్లు అన్నిటికన్నా సన్నది అదే.

పరీక్షించే పనిముట్టు గురించి ఒక మాట. ఇప్పుడు అందరి చేతిలోనూ డిజిటల్ మీటరు ఉంది. మంచిదే. కానీ మీటరు దాదాపు కరెంటు తాగదు. వైరులో పోగులన్నీ తెగిపోయి ఒక్కటే మిగిలినా అది 24 చూపిస్తుంది. కుర్రాడు "కరెంటు వస్తోందండీ, బల్బు పోయింది" అని బల్బు మారుస్తాడు. కొత్త బల్బు కూడా వెలగదు. అదే చోట 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి తాకిస్తే ఆ ఒక్క పోగు బరువు మోయలేదు, బల్బు మసకబారి నిజం బయటపడుతుంది. ట్రైలరు పనికి నేను ముందు బల్బు పెట్టి చూస్తాను, తర్వాతే మీటరు తీస్తాను.

పోగులు ఎందుకు తెగుతాయి, ఎందుకు పాడవుతాయి అంటే మా ప్రాంతంలో జవాబు నీళ్లు. అందులోనూ ఉప్పు నీళ్లు. చేపలు, రొయ్యలు ఐసు వేసిన పెట్టెల్లో పోతాయి. ఐసు కరిగి కారే నీళ్లు దారంతా బండి ఛాసిస్ మీద పడుతుంటాయి, వెనక దీపాల వైర్లు ఆ కిందే ఉంటాయి. నరసాపురం, అంతర్వేది వైపు తిరిగే బండ్లకు సముద్రపు గాలి తోడు. ప్లగ్గు విప్పితే ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము. అది గీకేస్తే సరిపోతుందనుకుంటారు. అసలు తెగులు లోపల ఉంటుంది. వైరు చివర తెరిచి ఉంటే సన్నటి పోగుల మధ్య నీరు పాకి ప్లాస్టిక్ తొడుగు లోపలే జానెడు దూరం పోతుంది. పైకి వైరు కొత్తగా మెరుస్తుంటుంది, లోపల రాగి నల్లగా మాడినట్టు ఉంటుంది. నల్లబడ్డ రాగికి టంకం పట్టదు, వైరు చివర లోహపు లగ్గు నొక్కినా పట్టు ఉండదు. తళతళలాడే ఎర్ర రాగి కనపడేదాకా వెనక్కి కోయాలి. వైరు పొట్టిదైపోతే కొత్త ముక్క వేయాలి గానీ నల్ల రాగి మీద అతుకు వేయకూడదు.

అతుకు కూడా తీరుగా ఉండాలి. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టడం మన రోడ్ల మీద అన్నిచోట్లా కనిపించే పని. మా ఏప్రిల్, మే ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది, తొలకరికి అతుకు బయటపడుతుంది. టంకం పెడితే గట్టిగా ఉంటుందనే నమ్మకం ఉంది. కదలని చోట నిజమే. ట్రైలరు కింద అదురు ఎక్కువ. టంకం పోగుల్లోకి ఇంకి వైరును పుల్లలా బిగదీస్తుంది, ఆ పుల్ల ముగిసే చోట రోజూ ఊగి ఊగి తెగుతుంది. సరైన లగ్గు, సరైన ప్లయరుతో నొక్కి, మీద వేడికి ముడుచుకునే స్లీవు వేసి, అతుకుకు రెండు పక్కలా వైరును ఛాసిస్‌కు కట్టాలి. పిన్నులకు కొద్దిగా వ్యాజ్‌లీన్ రాయాలి. సాకెట్టు మూత స్ప్రింగు విరిగితే ఆ మూత వెంటనే మార్చాలి. ట్రైలరు విప్పి పెట్టినప్పుడు ప్లగ్గును నేల మీద వదిలేయకుండా క్యాబిను వెనక కొక్కేనికి తగిలించాలి. వర్షంలో మట్టిలో పడి ఉన్న ప్లగ్గును తుడిచి తగిలించి అది పనిచేయాలని కోరుకోవడం దండగ.

చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గురించి చాలామంది డ్రైవర్లకే సరిగా చెప్పినవాళ్లు లేరు. మన దేశంలో 2015 నుంచి కొత్తగా వచ్చే భారీ లారీలకు, పెద్ద బస్సులకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. దీనికి దీపాల ప్లగ్గుతో సంబంధం లేని వేరే ప్లగ్గు ఉంటుంది, ఐఎస్‌ఓ 7638. ఏబీఎస్‌కు అయితే అందులో ఐదు పిన్నులు, బ్రేకు సంకేతాన్ని కరెంటుతో పంపే ఇంకా కొత్త రకం ఈబీఎస్‌కు అయితే ఏడు. చక్రం దగ్గర పళ్లున్న రింగు, దాని పక్కన సెన్సరు ఉంటాయి. బ్రేకు పడగానే ఏ చక్రమైనా తిరగడం మానేసి జారడం మొదలుపెడితే సెన్సరు కనిపెడుతుంది, కంప్యూటరు ఆ చక్రానికి గాలి వదిలి మళ్లీ పడుతుంది, సెకనులో పలుమార్లు. ఆ వాల్వులు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, అందుకే వాటి ప్లస్సు, మైనసు వైర్లు నాలుగు చదరపు మిల్లీమీటర్ల లావు ఉండాలని ప్రమాణం. కంప్యూటరుకు వేరే సన్న వైరు, దానికి వేరే ఎర్తు. వాల్వు లాగిన కుదుపు కంప్యూటరుకు తగలకూడదని ఈ ఏర్పాటు. ఐదో వైరు క్యాబినులో హెచ్చరిక దీపానికి.

ఈ ప్లగ్గు పెట్టకపోయినా బ్రేకు పడుతుంది. అందుకే దాన్ని పెట్టరు. గాలి పైపులు రెండూ తగిలించి, దీపాల ప్లగ్గు పెట్టి, ఏబీఎస్ కేబులును చుట్టి పక్కన కట్టేసి బయల్దేరే బండ్లు నేను చూస్తూనే ఉంటాను. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది, "అది ఎప్పుడూ అంతేనండి" అంటారు. ఖాళీ ట్రైలరు, తడి రోడ్డు, ముందు ఏదో అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు: అప్పుడు వెనక చక్రాలు బిగుసుకుని ట్రైలరు పక్కకు ఊగి మొత్తం రోడ్డునే ఊడ్చేస్తుంది. డబ్బు పోసి కొన్న యంత్రం బండిలోనే ఉండి, ఒక ప్లగ్గు పెట్టనందువల్ల పనికి రాకుండా పోవడం నాకు అస్సలు మింగుడుపడదు. తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, కొద్దిసేపట్లో, కొన్ని బండ్లలో కాస్త కదిలాక, ఆరిపోవాలి. ఆరకపోతే జబ్బు ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేసినట్టు, అది ఇంకా పెద్ద జబ్బు.

ఈబీఎస్‌లో ఇంకో మేలుంది. పెడలు తొక్కాక గాలి ముందు నుంచి ట్రైలరు చివరి చక్రం దాకా పోవడానికి కొంత సమయం పడుతుంది. కరెంటు సంకేతానికి ఆ ఆలస్యం లేదు. అందుకని ముందు చక్రం, వెనక చక్రం ఒక్కసారే పట్టుకుంటాయి. అక్కడ కూడా చక్రాన్ని పట్టేది గాలే, ఎప్పుడు పట్టాలో చెప్పేది కరెంటు.

కరెంటే నేరుగా బ్రేకు పట్టే బండ్లు వేరే దేశంలో ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు పికప్ వెనక లాగే చిన్న ట్రైలరు కొని, ఫోనులో ప్లగ్గు చూపించి అడిగాడు. అక్కడ అలాంటి ట్రైలర్లలో చాలావాటికి డ్రమ్ములో కరెంటు అయస్కాంతం ఉంటుంది, నీలం వైరులో కరెంటు వస్తే అది డ్రమ్ముకు అతుక్కుని బ్రేకును లాగుతుంది. ట్రైలరు ఊడిపోతే ఒక తాడు పిన్నును లాగేస్తుంది, ట్రైలరు మీదే ఉన్న చిన్న బ్యాటరీ బ్రేకు వేస్తుంది. వాళ్ల పెద్ద లారీలది కూడా ఏడు పిన్నుల ప్లగ్గే, తెలుపు ఎర్తు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేకు, రంగులు మనవే. వోల్టేజి మాత్రం 12. అక్కడ 1998 మార్చి నుంచి తయారైన గాలి బ్రేకు ట్రైలర్లకు ఏబీఎస్ తప్పనిసరి.

12 వోల్టులంటే మన ట్రాక్టర్లూ అంతే. మా వైపు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ట్రక్కు అంటారు. వాటిలో చాలావాటికి సొంత బ్రేకే ఉండదు, వెనక ఉన్న టన్నుల ధాన్యాన్ని ట్రాక్టరు బ్రేకే ఆపాలి. కాబట్టి ట్రక్కుకు ఉన్న రక్షణ దాని వెనక దీపం ఒక్కటే. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో, అప్పుడు తెల్లవారుజామున మంచు. దాళ్వా కోతలు ఏప్రిల్ వైపు, అప్పుడు వాన భయంతో రాత్రంతా తోలకం. కాలువ గట్ల మీద రోడ్లు, దీపాలు లేవు, ఒక పక్క నీళ్లు. ఆ రోడ్డు మీద దీపం లేని ట్రక్కు మలుపులో ఆగి ఉంటే, బండి మీద ఇంటికి పోయే మనిషికి తప్పించుకునే చోటు లేదు.

ట్రాక్టరు వైరింగుకు లారీకి లేని ఇబ్బంది ఒకటుంది. అదే 21 వాట్ల బల్బు 24 వోల్టుల లారీలో ఒక ఆంపియరు కూడా తీసుకోదు, 12 వోల్టుల ట్రాక్టరులో 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. కరెంటు ఎక్కువైన కొద్దీ సన్న వైరులో వోల్టేజి పడిపోతుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పోతుంది. అందుకే ట్రక్కు దీపం ఎర్రగా నిప్పు రవ్వలా మిణుకుతుంది. దానికి తోడు లారీ బల్బు చవగ్గా దొరికిందని ట్రాక్టరుకు పెడతారు. 24 వోల్టుల బల్బు 12లో వెలుగుతున్నట్టు ఉంటుంది గానీ పది గజాల అవతలికి కనపడదు. పైగా కోతల్లో ట్రాక్టరు ఒకరిది, ట్రక్కు ఇంకొకరిది. ఒక్కో మేస్త్రీ ఒక్కో తీరుగా పిన్నులు కట్టి ఉంటాడు. ఎడమ ఇండికేటరు వేస్తే వెనక కుడిది వెలిగే ట్రక్కులు నా చేతిలోకి వచ్చాయి. దీపం లేని ట్రక్కుకన్నా అబద్ధం చెప్పే ట్రక్కు ప్రమాదం, ఎందుకంటే వెనకవాడు దాన్ని నమ్మి ముందుకు వస్తాడు. గడ్డి వేసినప్పుడు దీపాలు గడ్డి కింద మునిగిపోతాయి. అప్పుడు పొడవు వైరుతో ఒక విడి దీపం గడ్డి చివర కట్టుకోవాలి, ఎర్రగా మెరిసే స్టిక్కర్లు వేసుకోవాలి.

ఇక అదనపు హంగులు. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 చేస్తారు. పాటల సెట్టు, ఫోను ఛార్జరు, చిన్న ఫ్యాను 12 వోల్టులవి. తేలిక పని అనుకుని ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగేస్తారు. సెట్టు మోగుతుంది, ఎవరికీ ఇబ్బంది కనపడదు. కానీ ఆల్టర్నేటరు రెండు బ్యాటరీలకూ ఒకే కరెంటు పంపుతుంది. సెట్టుకు ఇచ్చే బ్యాటరీ ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది, రెండోది మోతాదు మించి తాగి నీళ్లు ఉడికి ఆవిరవుతుంది. కొన్ని నెలలకు రెండూ పోతాయి. ఓనరు బ్యాటరీ కంపెనీని తిడతాడు. 24 నుంచి 12 చేసే కన్వర్టరు ఒకటి పెట్టుకుంటే ఈ నష్టం లేదు. ట్రైలరు మీద అదనపు దీపాలు, పని దీపాలు కావాలంటే పార్కింగు వైరులోంచి అతుకు లాగకూడదు. దానికి ఐఎస్‌ఓ 3731 అని రెండో ఏడు పిన్నుల సాకెట్టు ఉంది, అందులో రివర్సు లైటుకు, మంచు దీపానికి, ఎప్పుడూ ఉండే 24 వోల్టులకు వేర్వేరు పిన్నులున్నాయి. రిలే, తగిన ఫ్యూజు వేసి అక్కడి నుంచి తీసుకోవాలి. రొయ్యల కంటైనరు చల్లదనానికి ఈ వైర్లతో పని లేదు. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచే ఆ యంత్రానికి 400 వోల్టుల పైచిలుకు త్రీ ఫేజ్ కావాలి, దారిలో దాన్ని విడిగా ఉన్న జనరేటరు ఇస్తుంది. దాని దగ్గర లారీ మేస్త్రీ చెయ్యి పెట్టకపోవడమే మంచిది.

ఫ్యూజు ఊరికే పోతోందని రాగి తీగ చుట్టిన బండి కనపడితే నేను ఆ తీగ పీకేసిన తర్వాతే మిగతా పని మొదలుపెడతాను. ఫ్యూజు పోయిందంటే వైరు ఎక్కడో ఛాసిస్‌కు రాసుకుంటోందని అర్థం. తీగ చుడితే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. కొబ్బరి పీచు, వరిగడ్డి మోసే బండ్లలో ఆ వైరు మీద ఎండు పొట్టు పేరుకుని ఉంటుంది. మిగతాది చెప్పనక్కర్లేదు.

వెనక ఇండికేటరు బల్బు పోతే ముందు క్యాబినులో టిక్కు టిక్కు శబ్దం వేగంగా వినిపించడం మీరు గమనించే ఉంటారు. పాత బండ్లలో వైరింగు డ్రైవరుకు చెప్పే కబురు దాదాపు ఆ ఒక్కటే. ఎల్‌ఈడీ బల్బులు పెట్టాక వాటికి కరెంటు తక్కువ కాబట్టి ఫ్లాషరు బల్బు పోయిందనుకుని వేగంగా కొడుతుంది. ఆ గోల భరించలేక బరువుతో పనిలేని ఫ్లాషరు వేయించుకుంటారు. దాంతో ఆ కబురు కూడా ఆగిపోతుంది. ఎల్‌ఈడీ వద్దని నేను అనను, అదురుకు తట్టుకుంటుంది, వెలుగు బాగుంటుంది. కానీ అది పెట్టుకున్న బండి చుట్టూ రోజూ నడిచి చూసుకోవాలి. వెనక నీలం, ఆకుపచ్చ పట్టీలు పెట్టుకునేవాళ్లు ఒకసారి రాత్రి యాభై గజాల వెనక నిలబడి బ్రేకు తొక్కించి చూడండి. ఆ మెరుపుల మధ్య బ్రేకు లైటు ఎంత కనపడుతోందో మీకే తెలుస్తుంది.

ట్రైలరు తగిలించిన ప్రతిసారీ ఒకరు క్యాబినులో, ఒకరు వెనక నిలబడాలి. పార్కింగు, ఎడమ, కుడి, బ్రేకు, రివర్సు. ఒక్కొక్కటీ విడిగా వేసి చూశాక పార్కింగు వేసి ఉంచి బ్రేకు తొక్కాలి, ఇండికేటరు వేసి ఉంచి బ్రేకు తొక్కాలి. రెండు కలిపి వేసినప్పుడే ఎర్తు జబ్బు బయటపడుతుంది. టీ తాగేంత సేపు కూడా పట్టదు. ఓనర్లకు నా మనవి ఏమిటంటే, క్లీనరును తీసేసి డ్రైవరును ఒక్కడినే పంపుతున్న బండ్లలో ఈ పని జరగదు. ఒంటరి డ్రైవరు పెడలూ తొక్కలేడు, వెనక్కీ చూడలేడు. గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి ఎర్ర వెలుగు పడుతోందా అని అద్దంలో చూసుకోవచ్చు, లేదా పక్కనున్న మనిషిని పిలవచ్చు. రైతులు దాళ్వా కోతలకు ముందు టైర్లు, ఆయిలు చూపించుకున్నట్టే ట్రక్కు వైరింగు కూడా ఒకసారి చూపించుకోండి.

రోడ్డు మీద పోయే మిగతావాళ్లకు ఒక మాట. మీ ముందు పోతున్న ట్రైలరుకో ధాన్యం ట్రక్కుకో వెనక దీపం లేకపోతే తిట్టుకుని దాటిపోకండి. వీలైన చోట పక్కకు వచ్చి, లేదా ముందు టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, డ్రైవరుకు చెప్పండి. మీరు చెప్పకపోతే అతనికి తెలిసే దారి లేదు.